కుక్క ఆపరేషన్‌లో తిమ్మిరి ఇంజెక్షన్, కోత మానడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కావచ్చు, గడ్డ తీయడం కావచ్చు. కుక్కను టేబుల్ ఎక్కించే ముందు యజమానులు అడిగే ప్రశ్నలూ, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లు ఫోన్ చేసి అడిగేవీ కలిపి ఇక్కడ పెట్టాను. ఎక్కువమందికి ఉండే అనుమానం ఒక్కటే: సరిగ్గా కోసే చోటే మందు ఎక్కిస్తే ఆ చోటు మళ్లీ గట్టిగా అతుక్కుంటుందా అని. దాని జవాబు మూడో ప్రశ్న దగ్గర ఉంది. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లవచ్చు.

1. తిమ్మిరి ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుంది?

నొప్పి సంకేతం నరం వెంట పాకి మెదడుకు చేరాలి. నరం పొరలో సోడియం వెళ్లే సన్నని ద్వారాలుంటాయి. అవి తెరుచుకుంటేనే సంకేతం ముందుకు సాగుతుంది. లిగ్నోకెయిన్, బుపివకెయిన్ లాంటి మందులు నరంలోకి దూరి లోపలి వైపు నుంచి ఆ ద్వారాలను మూసేస్తాయి. మందు ఉన్నంతసేపు అక్కడి నుంచి కబురు మెదడుకు వెళ్లదు. మందు తగ్గగానే నరం యథాప్రకారం పనిచేస్తుంది. పంటి డాక్టరు దగ్గర మీ దవడ మొద్దుబారిందే, అదే మందు. లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. మనవాళ్లు దాన్ని బ్రాండు పేరుతో జైలోకైన్ అనే పిలుస్తారు.

2. పూర్తి మత్తు ఎలాగూ ఇస్తున్నారు కదా, మళ్లీ ఇదెందుకు?

పూర్తి మత్తులో కుక్కకు తెలివి ఉండదు, నిజమే. కానీ కత్తి పడిన చోటు నుంచి నొప్పి సంకేతాలు వెన్నుపాముకు వెళ్తూనే ఉంటాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ ఎగురుతుంది, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. ఆ సంకేతాలు పదేపదే తగిలి వెన్నుపాము మరింత సున్నితమైపోతుంది. అందుకే మెలకువ వచ్చాక చిన్న తాకిడికి కూడా కుక్క కుయ్యిమంటుంది. కోతకు ముందే ఆ చోట తిమ్మిరి ఎక్కిస్తే వెన్నుపాముకు కబురే చేరదు. మత్తు మందు తక్కువతో సరిపోతుంది, కుక్క ప్రశాంతంగా లేస్తుంది, లేచిన మొదటి కొన్ని గంటలు హాయిగా పడుకుంటుంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం నొప్పి మార్గదర్శకాలు కూడా వీలున్న ప్రతి ఆపరేషన్‌లోనూ లోకల్ (కోసే చోటును మాత్రమే మొద్దుబార్చే ఈ తిమ్మిరి మందు) వాడమనే చెబుతున్నాయి.

ఇంకో మాట. మన జిల్లా కేంద్రాల్లో చాలా క్లినిక్కుల్లో మార్ఫిన్ జాతి నొప్పి మందులు దొరకవు, దొరికినా లైసెన్సులు, రిజిస్టర్ల బాధ. లిగ్నోకెయిన్ సీసా మాత్రం ప్రతి మందుల షాపులోనూ ఉంటుంది. ఇంత చవకైన మందును వాడకుండా పక్కన పెట్టడం నాకెప్పుడూ వింతగానే అనిపిస్తుంది.

3. కోసే చోట మందు ఎక్కిస్తే గాయం మానడం ఆలస్యమవుతుందా?

మామూలు మోతాదులో, ఒక్కసారి వేస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కంటికి కనిపించేంత ఆలస్యం ఉండదు. ఈ మాట ఎందుకు ధైర్యంగా చెప్పవచ్చో తెలియాలంటే గాయం ఏ రోజు ఏం చేస్తుందో చూడాలి.

కోసిన వెంటనే రక్తం గడ్డకట్టి రెండు అంచులనూ తాత్కాలికంగా పట్టుకుంటుంది. తర్వాత మూడు నుంచి ఐదు రోజులు వాపు దశ. తెల్ల రక్తకణాలు వచ్చి చచ్చిన కణాలనూ సూక్ష్మజీవులనూ ఊడ్చేస్తాయి. ఈ రోజుల్లో కోతను పట్టి ఉంచేది కుట్టు దారమే, చర్మానికి సొంత బలం దాదాపు ఉండదు. మూడు, నాలుగు రోజులు దాటాకే ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు వచ్చి చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు అల్లడం మొదలుపెడతాయి. వారం తిరిగేసరికి కోత వెంబడి వేలితో తడిమితే సన్నని గట్టి గట్టు తగులుతుంది. అది మంచి గుర్తు. రెండు వారాలకు కూడా చర్మానికి అసలు బలంలో పదో వంతు మాత్రమే వస్తుంది. పొట్ట మధ్య గీతలో ఉండే తెల్లని గట్టి పొరకు మూడు వారాలకు 20 శాతం దరిదాపు వస్తుంది. మిగతా బలం నెలల మీద వస్తుంది. మానిన మచ్చ అసలు చర్మమంత గట్టిపడదు, 80 శాతం దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు మందు సంగతి. లిగ్నోకెయిన్ ఒకటి రెండు గంటలు పనిచేస్తుంది, బుపివకెయిన్ నాలుగు నుంచి ఎనిమిది గంటలు. రక్తంలో కలిసిన మందును లివర్ విరగ్గొట్టి మూత్రంలోకి పంపేస్తుంది. కొల్లాజెన్ అల్లే కణాలు పనికి దిగే నాటికి మందు అక్కడ లేనే లేదు. లేని మందు దేన్ని ఆపుతుంది?

4. మరి ఆ భయం ఊరికే పుట్టిందా?

ఊరికే కాదు. ప్రయోగశాలలో గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద ఈ మందులు పోస్తే ఫైబ్రోబ్లాస్టుల ఎదుగుదల తగ్గింది, తెల్ల రక్తకణాల కదలిక మందగించింది. మందు ఎంత చిక్కగా ఉంటే, ఎంతసేపు నానితే అంత ఎక్కువ నష్టం. ఎలుకలు, కుందేళ్ల మీద చేసిన పరిశోధనల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొన్నిటిలో కొల్లాజెన్ కొంచెం తగ్గింది, కొన్నిటిలో తేడా ఏమీ కనిపించలేదు.

గాజు పాత్రలో రక్తనాళాలు లేవు. పోసిన మందు పోసిన చోటే గంటల తరబడి ఉంటుంది. బతికున్న కుక్క చర్మంలో రక్తం దాన్ని నిమిషనిమిషానికీ తీసుకుపోతుంది. అదే పెద్ద తేడా. అయితే ఒక చోట మాత్రం ఆ భయం అక్షరాలా నిజమైంది. అది కీళ్లలో. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు, కీలు మూసిన గది లాంటిది. బుపివకెయిన్ అక్కడ నిలిచిపోయి మృదులాస్థి కణాలను చంపుతుంది. అందుకే కీలులోకి గొట్టం పెట్టి గంటల తరబడి ఈ మందు ఎక్కించే పద్ధతిని వదిలేశారు. చర్మం కోతకు ఈ లెక్క వర్తించదు.

ఈ మందులకు సూక్ష్మజీవుల పెరుగుదలను కొంతవరకు ఆపే గుణం కూడా ఉంది. అలాగని యాంటీబయాటిక్ బదులు వాడేంత కాదు.

5. అయితే కోత మానకుండా నిజంగా అడ్డుపడేవి ఏమిటి?

మొదటిది కుక్క నాలుక. "కుక్క నాకితే పుండు మానుతుంది" అని మనవాళ్లు తరతరాలుగా అంటున్నారు. లాలాజలంలో సూక్ష్మజీవులను చంపే పదార్థాలు కొన్ని ఉన్న మాట వాస్తవమే, కానీ గరుకు నాలుకతో వందసార్లు రాస్తే కుట్లు ఊడతాయి, నోటిలోని సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. రాత్రి అందరూ పడుకున్నాక ఒక్క గంట చాలు, మర్నాడు పొద్దున్నే క్లినిక్కు తలుపు కొట్టాల్సిందే. కాబట్టి మెడకు కోన్ (కోతను నాకకుండా తల చుట్టూ పెట్టే గరాటు) కట్టండి, చూసి జాలిపడి తీసేయకండి. రెండో రోజుకు అలవాటు పడుతుంది.

రెండోది స్టెరాయిడ్. ఆపరేషన్ అయ్యాక వాపు తగ్గుతుందని డెక్సామెథాసోన్ పొడిచే అలవాటు పట్నాల్లోనూ పల్లెల్లోనూ ఇంకా ఉంది. మొదటి ఐదు రోజుల్లో పడిన స్టెరాయిడ్ వాపు దశనే అణగదొక్కుతుంది, ఆ దశ లేకుండా తర్వాతి దశ సరిగ్గా మొదలవదు. దురదకని నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ మాత్రలు మింగుతున్న కుక్క అయితే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పి తీరాలి. ఒక్కసారి పడిన లిగ్నోకెయిన్ గురించి భయపడి, స్టెరాయిడ్‌ను మాత్రం పట్టించుకోకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ఇవి కాక కుట్టు మరీ బిగించడం, చర్మం చాలని చోట లాగి కుట్టడం, లోపల ఖాళీ వదలడం, గంటలకొద్దీ సాగే ఆపరేషన్, టేబుల్ మీద కుక్క ఒళ్లు చల్లబడిపోవడం, షుగర్, కుషింగ్స్ జబ్బు (ఒంట్లోనే స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువవడం), మాంసకృత్తులు లేని తిండి. ఒట్టి పెరుగన్నం మీద బతికే కుక్కకు ఆపరేషన్ తర్వాత పది రోజులైనా ఉడికించిన గుడ్డో, చికెనో పెట్టండి. కొల్లాజెన్ మాంసకృత్తి, అది అన్నంలోంచి రాదు.

6. అడ్రినలిన్ కలిపిన జైలోకైన్ వాడవచ్చా?

అడ్రినలిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. మందు ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తం తక్కువ కారుతుంది. ఆ లాభానికి వెల అదే రక్తసరఫరా. తోక, కాలి వేళ్లు, చెవి అంచు, పక్క నుంచి జరిపి కుట్టిన పల్చని చర్మం ముక్క, వీటి దగ్గర దాన్ని దూరం పెట్టడం మంచిది. మురికి పట్టిన గాయంలోనూ వద్దు. రక్తం తగ్గితే తెల్ల రక్తకణాలు చేరవు, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. గాయం మానడానికి సంబంధించినంతవరకు లిగ్నోకెయిన్ మీద వేసే నింద చాలాసార్లు పక్కనున్న అడ్రినలిన్‌కు చెందాల్సింది.

7. లిగ్నోకెయినా, బుపివకెయినా?

లిగ్నోకెయిన్ రెండు నుంచి ఐదు నిమిషాల్లో పట్టుకుంటుంది, త్వరగా వదిలేస్తుంది. బుపివకెయిన్ పట్టడానికి పది ఇరవై నిమిషాలు కావాలి, కానీ ఇంటికెళ్లే దాకా తోడుంటుంది. చిన్న కుట్టుకు మొదటిది, పొట్ట కోసే ఆపరేషన్‌కు రెండోది. రెండూ ఒకే సిరంజిలో కలిపితే రెండు లాభాలూ వస్తాయని అనుకుంటారు. నిజానికి ఒకదాన్నొకటి పలచన చేసుకుంటాయి, విషప్రభావం మాత్రం కూడుకుంటుంది.

కొత్త డాక్టర్లకు ఒక హెచ్చరిక: బుపివకెయిన్ ఆంపుల్ మీద 'హెవీ' అని ఉంటే అది మనుషుల వెన్నులోకి ఇచ్చే రకం, అందులో డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర కలిసి ఉంటుంది. కోత దగ్గర వేయడానికి మామూలు 0.5 శాతం సీసానే తీసుకోవాలి. తొందరలో ఆంపుల్ తారుమారయ్యే అవకాశం ఎక్కువ, లేబుల్ పైకి చదివి మరీ తీయండి.

8. ఎంత వరకు ఇవ్వవచ్చు? ఎక్కువైతే ఏమవుతుంది?

కుక్కకు లిగ్నోకెయిన్ కిలోకు 6 మి.గ్రా., బుపివకెయిన్ కిలోకు 2 మి.గ్రా. దాటకుండా చూసుకుంటాం. 2 శాతం లిగ్నోకెయిన్‌లో మిల్లీలీటరుకు 20 మి.గ్రా. ఉంటుంది. అంటే పది కిలోల కుక్కకు మొత్తం 3 మి.లీ. ఐదు కిలోల పామరేనియన్‌కు ఒకటిన్నర. రెండు కిలోల పిల్లకు ఇంకా తక్కువ, అర మిల్లీలీటరు దాటి కాస్త, అంతే. మోసపోయేది ఇక్కడే. పెద్ద కుక్కకు వేసిన చేతితో అలవాటుగా 2 మి.లీ. నింపి చిన్న పిల్లకు పొడిస్తే మూడింతలు దాటిపోతుంది. కోత పొడుగ్గా ఉండి మందు చాలకపోతే సెలైన్ కలిపి పరిమాణం పెంచుకోవాలి, మందు పెంచకూడదు.

మోతాదు మించినా, సూది రక్తనాళంలోకి పోయినా మొదట మెదడు తిరగబడుతుంది: పెదవులు నాక్కోవడం, లాలాజలం, వాంతి, కండరాలు అదరడం, ఆపైన మూర్ఛలు. తర్వాత గుండె. కుక్క పూర్తి మత్తులో ఉంటే మొదటి గుర్తులేవీ కనిపించవు, నేరుగా గుండె దగ్గరే తెలుస్తుంది. బుపివకెయిన్ గుండెను పట్టుకుంటే వదలడం కష్టం, కాబట్టి దాన్ని ఎన్నడూ రక్తనాళంలోకి ఇవ్వరు. ప్రతి పోటుకూ ముందు పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోవడం అందుకే. ప్రమాదం జరిగితే ఆక్సిజన్, మూర్ఛలకు డయాజిపామ్, గుండెకు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (రక్తనాళంలోకి ఇచ్చే కొవ్వు ద్రవం) ఎక్కిస్తారు. లివర్ జబ్బున్న కుక్కకూ, బాగా చిన్న పిల్లకూ మోతాదు తగ్గించాలి.

9. ఏ ఆపరేషన్‌లో ఎక్కడ వేస్తారు?

ఆడకుక్కకు పొట్ట మధ్య కోత పడే గీత వెంబడి చర్మం కిందా, కండరం పొరలోనూ. కొందరు గర్భసంచి తీశాక పొట్టలోపల అండాశయం కట్టిన చోట బుపివకెయిన్ చుక్కలు వదులుతారు. మగకుక్కకు నేరుగా వృషణంలోకి లిగ్నోకెయిన్. కొద్ది నిమిషాల్లో అది వృషణాన్ని పట్టి ఉంచే తాడు వెంబడి పైకి పాకుతుంది, ముడి బిగించేటప్పుడు కుక్క గుండె వేగం ఎగరదు. తేడా టేబుల్ దగ్గరే కంటికి కనిపిస్తుంది. కాలు తీసేసే పెద్ద ఆపరేషన్‌లో నరాల చుట్టూ వేస్తారు, కొన్నిసార్లు చిల్లులున్న సన్నని గొట్టాన్ని గాయంలో ఉంచి ఒకటి రెండు రోజులు మందు అందిస్తారు. ఆ గొట్టాన్ని శుభ్రంగా చూసుకోకపోతే చీము దారి అదే అవుతుంది.

10. చీము పట్టిన గాయం, పంది పొడిచిన గాయం, క్యాన్సర్ గడ్డ. వీటికి?

చీములో మందు సరిగ్గా పనిచేయదు. చీము పట్టిన కణజాలం ఆమ్లంగా ఉంటుంది, ఆమ్లంలో మందు నరం పొరను దాటే రూపంలో ఉండదు. పైగా సూదితో చీమును లోపలికి తోస్తాం. దూరంగా, మంచి చర్మం చుట్టూ కంచెలా వేయడమే పద్ధతి. క్యాన్సర్ అనుమానం ఉన్న గడ్డలోకి సూది దించకూడదు, కణాలు సూది దారిలో పాకవచ్చు. ఊళ్లలో అడవి పంది వేటకెళ్లి చీలిపోయి వచ్చే కుక్కలకు ఒట్టి లోకల్‌తో కుట్టేద్దామనుకుంటారు. గాయాలు పెద్దవైతే అనుమతించిన మోతాదు సగం గాయానికి కూడా చాలదు. అక్కడ పూర్తి మత్తే దిక్కు.

11. ఇంజెక్షనే బాగా మండుతుందట కదా?

మండుతుంది, మందు ఆమ్లంగా ఉంటుంది కాబట్టి. సన్నని సూది, నెమ్మదిగా ఎక్కించడం, సీసాను అరచేతిలో కాసేపు వెచ్చబెట్టడం. లిగ్నోకెయిన్ పది పాళ్లకు సోడా బైకార్బొనేట్ ఇంజెక్షన్ ఒక పాలు కలిపితే మంట బాగా తగ్గుతుంది. బుపివకెయిన్‌లో అలా కలిపితే విరిగిపోతుంది, వద్దు.

12. ఆపరేషన్ అయిన నాలుగో రోజు కోత కింద మెత్తగా ఉబ్బింది. ఇంజెక్షన్ వికటించిందా?

ఇంజెక్షన్‌తో వచ్చే ఉబ్బు అదే రోజు కరిగిపోతుంది. నాలుగైదు రోజులకు నొప్పి లేకుండా, నీటి సంచిలా కదిలే వాపు వస్తే అది ఎక్కువగా కుట్ల కింద చేరిన నీరు. కుక్క మెట్లెక్కి దిగి, మంచం మీంచి దూకి ఉంటుంది. చాలావరకు దానంతటదే ఇంకిపోతుంది. సూదితో గుచ్చి తీయబోతే సూక్ష్మజీవులను లోపలికి పంపినట్టే. వేడిగా, ఎర్రగా, ముట్టుకుంటే మూలిగేలా ఉండి, వాసనొస్తే అది చీము. పొట్ట మధ్యలో ఉబ్బి, నొక్కితే లోపలికి వెళ్లిపోతుంటే లోపలి కుట్టు విడిపోయి ఉండవచ్చు, ఆ రోజే తీసుకెళ్లాలి.

13. ఇంట్లో జైలోకైన్ జెల్లీ రాయవచ్చా? పసుపు?

జెల్లీ రాస్తే కుక్క నాకేస్తుంది, మోతాదు మీ చేతిలో ఉండదు, నాలుక మొద్దుబారుతుంది. బెంజోకెయిన్ ఉన్న స్ప్రేలు, లేపనాలు ఇంకా ప్రమాదం: రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని పాడుచేస్తాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే అసలే వద్దు. కుట్టు వేసిన శుభ్రమైన కోత మీద పసుపు, కొబ్బరి నూనె, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ అక్కర్లేదు. స్పిరిట్, పెరాక్సైడ్ కొత్త కణాలను కాలుస్తాయి, పసుపు ముద్ద కింద ఏం జరుగుతోందో కనిపించదు. పొడిగా వదిలేయండి. వానాకాలంలో ఈగలు వాలకుండా చూడండి, ఒక్క రోజు ఏమరిస్తే పురుగులు పడతాయి.

నొప్పి మాత్ర డాక్టరు రాసిందే. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుళ్లు వేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

14. నొప్పి తెలియకపోతే గెంతి కుట్లు తెంపుకోదా? కొంచెం నొప్పి ఉంటేనే మంచిది కదా?

ఈ మాట డాక్టర్ల నోటా విన్నాను. నొప్పి కుక్కను కదలకుండా ఉంచదు, స్థిమితంగా ఉండనీయదు. అటూ ఇటూ తిరుగుతుంది, కోతను కొరుక్కుంటుంది, తినదు. నొప్పితో విడుదలయ్యే అడ్రినలిన్ చర్మంలోని రక్తనాళాలను ముడుస్తుంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ గాయం మానే పనిని మందగింపజేస్తుంది. కదలకుండా ఉంచాల్సింది గొలుసు, గది, మీ ఓపిక.

15. వీధి కుక్కలకు కూడా ఇది వేస్తారా?

వేయాలి, వాటికే ఎక్కువ అవసరం. సంతాన నియంత్రణ శిబిరాల్లో ఒక రోజులో చాలా కుక్కలు టేబుల్ మీదికి వస్తాయి, తర్వాత రోజుల తరబడి మాత్రలు మింగించే మనిషి ఉండడు. కోత గీత మీద కొన్ని నిమిషాల పని, కొన్ని రూపాయల మందు. కుట్లు తీయడానికి మళ్లీ పట్టుకోవడం కుదరదు కాబట్టి కరిగే దారంతో చర్మం లోపలే కుట్టేస్తారు. చెవికి కత్తిరింపు గుర్తు కూడా ఆ మత్తులోనే పెడతారు.

16. అమెరికాలో ఉంటున్నాం. మూడు రోజులు పనిచేసే ఇంజెక్షన్ వేస్తామంటున్నారు. గాయానికి మంచిదేనా?

అది నోసిటా. బుపివకెయిన్‌ను సన్నని కొవ్వు బుడగల్లో బంధించిన మందు, 72 గంటల దాకా కొద్దికొద్దిగా వదులుతుంది. 2016లో అక్కడ కుక్కల మోకాలి లిగమెంటు ఆపరేషన్‌కు అనుమతించారు. పైన చెప్పిన "కొల్లాజెన్ వచ్చేసరికి మందు ఉండదు" అనే వాదన దీనికి పూర్తిగా అన్వయించదు. దాని లేబుల్‌లోనే కోత నుంచి స్రావం, కోత దగ్గర వాపు దుష్ఫలితాలుగా రాసి ఉన్నాయి. అయినా మోకాలి ఎముక కోసిన కుక్కకు మొదటి మూడు రోజుల నొప్పి ముందు అది చిన్న విషయం. వేయించుకోండి, కోతను రోజూ రెండుసార్లు చూడండి.

17. కుట్లు ఎప్పుడు తీయాలి?

పది నుంచి పద్నాలుగు రోజులకు. స్టెరాయిడ్ వాడే కుక్కకూ, ముసలి కుక్కకూ మరికొన్ని రోజులు ఆగుతాం. అప్పటిదాకా స్నానం వద్దు. కుట్లు తీశాక కూడా మరో రెండు వారాలు గెంతులు వద్దు, బలం ఇంకా పదో వంతే.

18. రాత్రిపూట కుట్లు విడిపోతే ఏం చేయాలి?

చర్మం మాత్రమే కొద్దిగా తెరుచుకుంటే కోన్ పెట్టి, శుభ్రమైన గుడ్డ చుట్టి, పొద్దున్నే తీసుకెళ్లండి. లోపలి నుంచి పేగు గానీ కొవ్వు గానీ కనిపిస్తే చేత్తో లోపలికి తోయకండి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో తడిపిన గుడ్డ కప్పి, పొట్ట చుట్టూ వదులుగా తువ్వాలు కట్టి, అదే క్షణం బయలుదేరండి. తిండి, నీళ్లు పెట్టవద్దు, మళ్లీ మత్తు ఇవ్వాల్సి ఉంటుంది.